పారేయకు... కొలిచి చూడు!

అరవై ఏళ్ల కిందటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ. దాని ఇంజిన్ అరుగుతుందని తయారుచేసిన వాళ్లకు ముందే తెలుసు. మళ్లీ మళ్లీ బాగుచేసుకోవడానికి సరిపడా ఇనుము అందులోనే ఉంచి మరీ పంపారు. ఆ ఇనుమును తెలివిగా వాడుకోవడమే రిపేరు.

పాత ఎంజీబీ బానెట్ ఎత్తి స్టార్ట్ చేస్తే ముందుగా చెవిన పడేది ట్యాపెట్ల చప్పుడు. ఎవరైనా చేసే మొదటి పని ట్యాపెట్ సెట్టింగ్. రాకర్ కవర్ విప్పుతారు. వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 15 థౌ సందు ఉండేలా స్క్రూ తిప్పి, లాక్ నట్ బిగిస్తారు. లేత్ పనివాళ్లు థౌ అనేది అంగుళంలో వెయ్యో వంతును. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 0.025. ఎనిమిది వాల్వులకూ ఓపిగ్గా ఈ పని చేసి, కవర్ మూసి స్టార్ట్ చేస్తే చప్పుడు ఎక్కడికీ పోదు. చాలామంది ఓనర్లు ఇక్కడే ఇంజిన్ పని అయిపోయిందనే నిర్ణయానికి వచ్చేస్తారు.

అసలు సంగతి రాకర్ ముక్కు దగ్గరుంది. ఏళ్ల తరబడి వాల్వు కొసను కొట్టీ కొట్టీ ఆ ముక్కుకు చిన్న గుంట పడుతుంది. వాల్వు కొస ఎంత వెడల్పో గుంటా అంతే వెడల్పు. ఫీలర్ గేజ్ బద్ద మాత్రం అంతకంటే వెడల్పు కాబట్టి, గొయ్యి మీద చెక్క పరిచినట్టు గుంట అంచుల మీదే ఆనుతుంది. గేజ్ లెక్కన సందు 15 థౌ. వాల్వు మాత్రం గుంట అడుగుదాకా వెళ్లి తగలాలి. ఆ అదనపు దూరమే మనకు వినిపించే చప్పుడు. స్క్రూను ఎంత తిప్పినా లాభం లేదు. రాకర్లు విప్పి, ముక్కు వంపు చెడకుండా గుంట పోయేంత వరకే సన్నగా గ్రైండింగ్ చేయించాలి. గుంట మరీ లోతైతే పైన గట్టిపరిచిన పొర పోయినట్టే, అప్పుడు రాకర్‌నే మార్చాలి.

విప్పారు కాబట్టి రాకర్ షాఫ్టునూ ఓసారి వెల్లకిలా తిప్పి చూడాలి. పైవైపు నిగనిగలాడుతుంటుంది. అడుగున గోరు పెట్టి లాగితే రాకర్ కూర్చున్న ప్రతిచోటా మెట్టు తగులుతుంది. రాకర్‌ను ఒక పక్క వాల్వు స్ప్రింగు, ఇంకో పక్క పుష్‌రాడ్డు రెండూ పైకే నెడతాయి. ఆ ఒత్తిడంతా షాఫ్టు అడుగు భాగమే మోస్తుంది. విప్పకుండా పైనుంచి టార్చిలైటు వేసి చూసి ‘షాఫ్టు బాగానే ఉంది’ అనేవాళ్ల మాట నమ్మకూడదు.

అంబాసిడర్‌కి దగ్గరి చుట్టం

ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లో అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో ఎంజీ ఫ్యాక్టరీ ఉండేది. చీఫ్ ఇంజినీర్ సిడ్ ఎనెవర్. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడేదాకా, పైకప్పున్న జీటీ రకంతో కలిపి 5 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. ఎక్కువ భాగం అమెరికాకు వెళ్లాయి. మన రోడ్ల మీద 2019 నుంచి తిరుగుతున్న హెక్టర్ ముందు భాగంలో కనిపించే ఎనిమిది మూలల బిళ్ల ఆ ఎంజీదే. ఇప్పుడు ఆ పేరు చైనా కంపెనీ ఎస్‌ఏఐసీ చేతిలో ఉందనుకోండి, అది వేరే కథ.

మనకు అంతకంటే దగ్గరి సంబంధం ఒకటుంది. ఎంజీబీలో ఉన్నది బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ-సిరీస్ ఇంజిన్. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు గుండెకాయగా ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజినే, 1489 సీసీ రకం. ఎంజీబీకి ముందు 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారూ ఆ 1489 సీసీతోనే మొదలైంది. ఎంజీబీ దగ్గరికొచ్చేసరికి దాన్ని 1798 సీసీకి పెంచారు. పెంచింది బోరునే. స్ట్రోకు రెండింటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. అంబాసిడర్ బోరు 73 మిల్లీమీటర్లు, ఎంజీబీది 80.26. బోరు పెంచడానికి బ్లాకులో చోటు చాలక సిలిండర్లను జతజతగా దగ్గరికి కలిపేశారు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తగిలించి 95 హార్స్ పవర్ రాబట్టారు. అంబాసిడర్ ఇంజిన్ విప్పి బిగించిన మన పాత మెకానిక్‌ను ఎంజీబీ ముందు నిలబెడితే, పుష్‌రాడ్లు ఎక్కడున్నాయో, ఏ నట్టుకు ఏ అంగుళాల పానా పడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మార్పు కూడా చెప్పుకోవాలి. మొదట్లో వచ్చిన ఎంజీబీల్లో క్రాంక్ షాఫ్టును మూడు మెయిన్ బేరింగులే మోసేవి. 1964 చివర్లో అయిదు చేశారు. అయిదు బేరింగుల క్రాంకు మొండిది. సరైన ఆయిల్ పడితే చాలాకాలం నిలుస్తుంది. పాత మూడు బేరింగుల ఇంజిన్ చేతులతో తిప్పితే కాస్త తేలిగ్గా తిరుగుతుందని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. రోజూ నడపాలనుకునే వాళ్లు మాత్రం అయిదు బేరింగులదే చూసుకోవడం మంచిది.

ముందు మైక్రోమీటర్, తర్వాతే పానా

ఈ ఇంజిన్లు గీసిన తరం ఇంజినీర్లకు ఒక లెక్క స్పష్టంగా ఉండేది. సిలిండర్ అరిగితే కాస్త పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. క్రాంకు అరిగితే కాస్త సన్నం చేసి మందం బేరింగులు వేస్తారు. పిస్టన్లు 20, 30, 40, 60 థౌ ఓవర్ సైజుల్లో, బేరింగులు 10, 20, 30, 40 థౌ అండర్ సైజుల్లో ఈనాటికీ దొరుకుతున్నాయి. చివరి సైజూ అయిపోతే సిలిండర్‌కు ఇనుప స్లీవు దింపి మళ్లీ మొదటి కొలతకు తెచ్చుకోవచ్చు. ఒక్క బ్లాకుకు ఎన్ని జన్మలో చూడండి. అల్యూమినియం గోడల మీద పల్చటి పూత పూసి వదిలే నేటి ఇంజిన్లు చాలావాటికి ఈ సౌకర్యం లేదు.

అయితే ఒక్కో సైజూ బ్యాంకులో వేసుకున్న డబ్బు లాంటిది, తీసేకొద్దీ తరుగుతుంది. 20 థౌతో పోయేదానికి 40 థౌ బోరు కొట్టించడం దుబారా. అందుకే పని మొదలెట్టేది పానాతో కాదు, కొలతతో.

విప్పకముందే సగం విషయం తెలిసిపోతుంది. గేరులో నొక్కి లాగినప్పుడు నీలం పొగ వస్తే రింగుల మీద అనుమానం. వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, మళ్లీ నొక్కగానే గుప్పున పొగ వస్తే వాల్వు గైడ్ల మీద అనుమానం. ఆపైన కంప్రెషన్ పరీక్ష. ఏదైనా సిలిండర్‌లో తక్కువ చూపిస్తే ప్లగ్గు కంతలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే ఆయిల్ వెళ్లి రింగుల సందు పూడ్చిందన్నమాట, అరుగుదల కింద ఉంది. పెరగకపోతే వాల్వుల దగ్గర వెతకాలి. ఎంజీబీ డ్యాష్‌బోర్డు మీదే ఆయిల్ ప్రెషర్ గేజ్ ఉంది. ఇంజిన్ వేడెక్కాక పరుగులో 50 పౌండ్లకు పైన ఉండాలి, ఐడిలింగ్‌లో 10 నుంచి 25 మధ్య ఉంటే ఫర్వాలేదు. బల్బు వెలిగితే తప్ప ఏమీ చెప్పని కార్లకు అలవాటుపడ్డ మనకు ఈ ముల్లు విలువ వెంటనే తెలియదు.

హెడ్ దించాక సిలిండర్ పై అంచు దగ్గర వేలు పెట్టి కిందికి జరపాలి. కొద్దిగా దిగగానే మెట్టు తగులుతుంది. పైరింగు ఆగి వెనక్కి మళ్లే చోటది. పిస్టన్ అక్కడ క్షణకాలం నిలబడుతుంది కాబట్టి ఆయిల్ పొర నిలవదు. అదే సమయంలో మంట ఒత్తిడి రింగును గోడకేసి నొక్కుతుంది. రింగు చేరని పై అంచు అరగదు, దాని కిందే అన్నిటికంటే ఎక్కువ అరుగుతుంది. కాబట్టి బోర్ గేజ్‌తో ఒక్కచోట కొలిచి సరిపెట్టకూడదు. పైన, మధ్య, అడుగున, ప్రతిచోటా క్రాంకుకు సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. పిస్టన్ పక్కకు తోసే వైపు అరుగుదల ఎక్కువ కాబట్టి గుండ్రంగా ఉండాల్సిన బోరు కోలగా తేలుతుంది. పైనా కిందా తేడా 8, 10 థౌ దగ్గరికొస్తే రీబోరు తప్పదన్నది పాతతరం లెక్క.

ఇక్కడే ఒక చెడ్డ అలవాటు ఉంది. ఖర్చు తగ్గించుకుందామని అరిగిన బోరులోనే కొత్త రింగులు వేసేస్తారు. పాత పైరింగు మెట్టుతో పాటే అరిగి దాని అంచు గుండ్రబడి ఉంటుంది. కొత్త రింగు అంచు పదునుగా ఉంటుంది. అది నేరుగా వెళ్లి మెట్టుకు కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు రింగు విరిగి గోడను గీరేస్తే, 20 థౌతో తేలాల్సిన పని స్లీవు దాకా వెళుతుంది. సగం రిపేరు అసలు రిపేరు కంటే ఖరీదు.

బోరింగుకు ఇచ్చేముందు పిస్టన్లు చేతికి రావాలి. ‘40 ఓవర్’ అని డబ్బా మీద రాసున్నా నాలుగు పిస్టన్లనూ కొలిచి, ఆ కొలతకు బోరు చేయాలి. బోరు చేసి వదిలేయకుండా హోనింగ్‌లో అడ్డగీతలు పడాలి. నున్నటి గోడ మీద ఆయిల్ నిలవదు, రింగులు కుదురుకోవు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు రోజూ బోరు చేసేవాళ్లకు ఇదంతా కొట్టిన పిండే.

దారమంత ప్లాస్టిక్ చెప్పే నిజం

క్రాంక్ షాఫ్టు దగ్గర లెక్క ఇంకా సున్నితం. బేరింగుకూ, అందులో తిరిగే క్రాంకు భాగమైన జర్నల్‌కూ మధ్య ఉండాల్సిన సందు ఒకటి నుంచి రెండున్నర థౌ. మన తల వెంట్రుక మందం దాదాపు మూడు థౌ. అంతకంటే సన్నటి సందులో నిలిచే ఆయిల్ పొర మీదే మొత్తం క్రాంకు తేలుతుంది.

ఇంత సన్నటి సందును ఎలా కొలుస్తారంటే, ప్లాస్టీగేజ్ అనే దారమంత మైనపు ప్లాస్టిక్ పోగు ఉంది. జర్నల్‌నూ బేరింగునూ ఆయిల్ లేకుండా తుడిచి, జర్నల్ మీద అడ్డంగా ఓ ముక్క పెడతారు. బేరింగ్ క్యాపు పెట్టి టార్క్ పానాతో చెప్పినంత బిగువుకు బిగిస్తారు. ఎంజీబీ మెయిన్ బేరింగులకైతే 70 పౌండ్ అడుగులు. ఈలోపు క్రాంకును ఒక్క వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు. మళ్లీ విప్పితే గుండ్రటి పోగు చదునుగా నలిగి కనిపిస్తుంది. ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. దాంతోపాటు ఇచ్చే కాగితపు కొలబద్దను పక్కన పెట్టి వెడల్పు సరిచూస్తే సందు ఎంతో తేలిపోతుంది. పోగు ఒక కొసన వెడల్పుగా, ఇంకో కొసన సన్నంగా నలిగితే జర్నల్ వాలుగా అరిగిందన్నమాట. లక్షల ఖరీదు చేసే యంత్రాలు చెప్పే మాటను ఈ పోగు నిమిషాల్లో చెప్పేస్తుంది.

గ్రైండింగుకు పంపాల్సి వస్తే అడగాల్సిన మాట ఒకటుంది. జర్నల్ గోడతో కలిసే మూలలో వంపు వదులుతారా? ఆ మూలను చాకులా పదునుగా కోసేస్తే బలమంతా అక్కడే పోగుపడి, ఏదో ఒకరోజు క్రాంకు అక్కడే రెండు ముక్కలవుతుంది. గ్రైండింగ్ అయ్యాక క్రాంకు లోపలి ఆయిల్ దారుల్లో చేరిన రజను బ్రష్షుతో తోమి కడగాలి. ఇది మరిచిపోతే కొత్త బేరింగులు వేసి ప్రయోజనం ఉండదు.

చెన్నైలో స్టాండర్డ్ హెరాల్డ్ తయారైన రోజులు గుర్తున్నవాళ్లకు ఒక ముక్క. హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి దాని మీద కట్టిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంజినూ ఆ కుటుంబానిదే. దీని క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా వెనక మెయిన్ బేరింగు దగ్గర రెండు సగం చంద్రాల్లాంటి థ్రస్ట్ వాషర్లు ఆపుతాయి. అవి అరిగి అరిగి చివరికి జారి సంపులో పడిపోతాయి. ఆ తర్వాత క్రాంకు నేరుగా బ్లాకును తింటుంది. కనిపెట్టడం తేలిక. ఇంజిన్ ఆపి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముందున్న పుల్లీని చూడాలి. కంటికి కనిపించేంతగా కదిలితే ఆ కారును నడపొద్దు, సంపు విప్పండి. ఈ దశలో వాషర్ల ఖర్చుతో పోతుంది. ఆలస్యం చేస్తే బ్లాకు పోతుంది.

చప్పుడు చేయని ప్రమాదం

మళ్లీ పైకి, హెడ్ దగ్గరికి వస్తే, ఇక్కడ పెట్రోల్ మారడం వల్ల వచ్చిన చిక్కుంది. పాత పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పల్చటి పొరలా పట్టి ఇనుమును కాచేది. మనుషులకు, ముఖ్యంగా పిల్లల మెదడుకు విషం కాబట్టి దాన్ని తీసేయడం మంచిదైంది. బ్రిటన్‌లో 1999తో సీసం పెట్రోల్ సాధారణ అమ్మకాలు ఆగాయి. మన దేశంలోనూ 2000 నాటికి పోయింది. పొర లేకపోయేసరికి ఎర్రగా కాలిన వాల్వు పోత ఇనుము సీటుకు క్షణక్షణం అతుక్కుని ఊడుతూ దాన్ని కొరికేస్తుంది. వాల్వు మెల్లగా హెడ్‌లోకి దిగిపోతుంది.

దిగేకొద్దీ వాల్వు కాడ పైకి లేస్తుంది, ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. చప్పుడూ తగ్గుతుంది. ఓనర్ ఇంజిన్ నెమ్మదించిందని సంతోషిస్తాడు. చివరికి సందే లేకుండా పోయి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. అందుకే ట్యాపెట్లు కాస్త చప్పుడు చేసినా ఫర్వాలేదు కానీ అసలు వినబడకపోతే భయపడాలి. సీట్లు తొలిచి గట్టి ఉక్కు ఇన్సర్టులు దించితే ఈ బాధ శాశ్వతంగా తీరుతుంది. ఆ పని చేయించేముందు వాల్వుల మధ్య సన్నటి గోడలో బీటలున్నాయేమో రంగు ద్రావణంతో పరీక్షించాలి. బీటలున్న హెడ్‌కు ఇన్సర్టులు దించడం డబ్బు కాలవలో పోయడమే.

అసలు ఇంజినే విప్పక్కర్లేని కేసులూ ఉన్నాయి. ఐడిలింగ్‌లో ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతుంటే రింగుల మీద నేరం మోపే ముందు ఎస్‌యూ కార్బురేటర్ థ్రాటిల్ స్పిండిల్‌ను పట్టుకుని కదిపి చూడండి. స్పిండిల్ తిరిగే రంధ్రం అరిగితే ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. బాడీని తొలిచి బుష్షులు, కొత్త స్పిండిల్ వేస్తే ఇంజిన్ మామూలవుతుంది. ఇంజిన్ పాపం ఏమీ ఎరగదు.

కొత్తదంతా మంచిది కాదు

ఎంజీబీకి దొరకని స్పేర్ పార్టు లేదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి పాత డైలతోనే పూర్తి బాడీలు కొత్తగా తయారుచేస్తోంది. ఇంజిన్ లోపలి భాగాల సంగతి మాత్రం ఒకేలా లేదు. పేరు లేని డబ్బాల్లో వచ్చే కొన్ని రాకర్లు, క్యామ్ ఫాలోయర్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, గట్టిదనం మాత్రం సరిగా ఉండదు. మెత్తటి ఫాలోయర్ వారాల్లోనే అరిగి, క్యామ్ షాఫ్టునూ తనతో తీసుకుపోతుంది. ఆ ఉక్కు రజను ఆయిల్‌తో కలిసి బేరింగుల్లోకి చేరుతుంది. నా మటుకు, కొలతలో నిలిచిన పాత ఫ్యాక్టరీ భాగాన్ని గ్రైండ్ చేయించుకోవడమే, ఊరూ పేరూ లేని కొత్తదాన్ని నమ్మడం కంటే మేలనిపిస్తుంది.

క్యామ్ మారిస్తే ఫాలోయర్లూ మార్చాల్సిందే. పాత ఫాలోయర్ పాత క్యామ్‌తో పాటే అరిగి ఉంటుంది, కొత్తదానితో పొసగదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిలింగ్‌లో వదలకుండా ఓ ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైనే ఉంచాలి. క్యామ్‌కు ఆయిల్ చిమ్మితేనే అందుతుంది, నెమ్మదిగా తిరిగితే అందదు. ఆయిల్ కూడా చూసి కొనాలి. నేటి కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం చాలా ఆయిళ్లలో జింక్, ఫాస్ఫరస్ తగ్గించేశారు. పాత క్యామ్‌ను కాచేది ఆ జింకే. క్లాసిక్ కార్లకని విడిగా అమ్మే 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయాలి.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన ఇలాంటి కార్లకు రోడ్డు పన్ను మినహాయింపు ఉంది. పెద్ద మార్పులు చేయని వాటికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షా తప్పనిసరి కాదు. ప్రభుత్వం అడగకపోయినా ఇంజిన్ లెక్క ఓనరే చూసుకోవాలి. అమెరికాలో ఉండి వారాంతాల్లో చేతులకు గ్రీజు పూసుకోవాలనుకునే మనవాళ్లకు ఎంజీబీ కంటే మంచి బడి దొరకదు. కాకపోతే కొనేముందు కంప్రెషన్ పరీక్ష చేయించకుండా డబ్బు కట్టకండి.

మీ ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతగారి అంబాసిడరో హెరాల్డో టార్పాలిన్ కింద ఉంటే, పాత ఇనుముకు తూకం వేయించే ముందు ఒక్క పని చేయండి. ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు ఆగండి. ఇంజిన్ చేత్తో తిరిగితే హెడ్ దించి, తెలిసిన మనిషితో బోరు కొలిపించండి. ఆ కొలతలు ఒక కాగితం మీద రాసుకున్నాకే అమ్మాలా ఉంచాలా అన్నది తేల్చుకోండి.